కరోడ్‌గిరి నాకా నుంచి ఫారం 28 దాకా

లాలాపేట్‌లో మా గల్లీ పెద్ద పొడుగేం కాదు. ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే నాలుగు నిమిషాలు. మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం వెళ్తూ, పనీపాటా లేక, నిలబెట్టిన బళ్ల నంబర్లు లెక్కపెట్టాను. మా నాన్న చేతక్ స్కూటరు ఏ.పి. 10. దాని పక్కనే ఎవరిదో ఏ.పి. 29, అంటే ఒకప్పటి రంగారెడ్డి జిల్లా. ఇక్కణ్ణుంచి కాస్త అటు నాచారం వైపు జరిగితే జిల్లా మారిపోతుంది లెండి, మాకిది అలవాటే. తర్వాత టి.ఎస్. 08లు, టి.ఎస్. 10లు. కొత్తగా దిగిన కుర్రాడి బైకు టి.జి. అద్దెకుండే మరో సాఫ్ట్‌వేర్ అబ్బాయిది కె.ఎ. 03. చిట్టచివర, టార్పాలిన్ కింద, ఏ.పి. తర్వాత జిల్లా అంకె కూడా లేని పాతకాలం మూడక్షరాల ప్లేటుతో ఒక ల్యాంబ్రెట్టా. తీసెయ్యరు, నడపరు.

బళ్లు ఎక్కడికీ కదల్లేదు. వాటి చుట్టూ రాష్ట్రాలే కదిలాయి.

నా కారు మాత్రం నిజంగానే కదిలొచ్చింది. ఇప్పుడు టి.ఎస్. 10. అంతకుముందు ఏ.పి. 16, అంటే విజయవాడ. ఆ రెండు అక్షరాలూ మారడానికి నేను పడ్డ పాట్లు చెప్తే మా ఆఫీసులో అందరూ నవ్వారు. మా నాన్న ఒక్కరే నవ్వలేదు. "మీ తాత గూడ గిట్లనే గదరా తిరిగింది" అన్నారు. అక్కడ మొదలైంది ఈ తవ్వకం.

ముందు నా కథ. మా మామగారిది విజయవాడ. 2015లో ఆయన ముచ్చటపడి కొత్త మారుతి స్విఫ్ట్ కొనుక్కున్నారు. 2019లో కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు డ్రైవింగ్ మానెయ్యమన్నాడు. కారు షెడ్డులో పడి ఉంది. నాకు అప్పటికి కారు లేదు. "ఊరికే పట్టుకుపోండి అల్లుడుగారూ, మనలో మనకి బేరాలేంటి" అన్నారాయన. ఊరికే వద్దని నేను. చివరికి బజారు ధర కన్నా కాస్త తక్కువకి ఒప్పించాను. (ఈ ఒప్పించడంలో మా ఆవిడ ఎవరి వైపు ఉందో నాకు ఇప్పటికీ తెలీదు.)

డబ్బులివ్వడం, తాళాలు తీసుకోవడం పది నిమిషాల పని. తర్వాతే అసలు సంగతి. ఒకే రాష్ట్రంలో చేతులు మారితే ఫారం 29, ఫారం 30, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం.. దాదాపు అంతే. రాష్ట్రం మారితే దానిముందు ఫారం 28 వస్తుంది. అదే ఎన్.ఓ.సి. ఈ బండి మీద మాకు అభ్యంతరం లేదు, పట్టుకెళ్లొచ్చు, అని పాత ఆఫీసు కొత్త ఆఫీసుకి రాసే ఉత్తరం. మూడు ప్రతులు. వాటి మీద ఛాసిస్ నంబరు చేత్తో రాస్తే సరిపోదు, ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తియ్యాలి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం చూడండి, అదే విద్య. బండి మీద దొంగతనం కేసేమీ లేదని పోలీసుల దగ్గర నుంచి ఒక కాగితం. ఇవన్నీ అక్కడ అయ్యాక, ఇక్కడికొచ్చి కొత్త నంబరు కోసం ఫారం 27. దాంతో పాటు లైఫ్ ట్యాక్స్.

లైఫ్ ట్యాక్స్ అంటే జీవితకాలపు పన్ను అని కదా అర్థం. మామగారు 2015లోనే కట్టారు. మరి ఎవరి జీవితం? కారుదా, మనిషిదా, రాష్ట్రానిదా? నేను కౌంటరు దగ్గర ఇదే మాట, ఇంత సాహిత్యం లేకుండా, అడిగాను. "అది ఆంధ్రాకి కట్టిన్రు సార్. తెలంగాణకి కట్టలే" అన్నాడాయన. తప్పేమీ లేదు, చట్టం చెప్పింది అదే. బండి వయసును బట్టి శాతం తగ్గుతూ వచ్చే పట్టిక ఒకటుంటుంది. దాని ప్రకారం కట్టాను. కట్టింది ఎంతో చెప్పను గానీ, ఆ నెల మా ఇంట్లో కొనాలనుకున్న ఫ్రిజ్ మరుసటేడు వచ్చింది. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడిగే దారి నిబంధనల్లో ఉంది. దాని కోసం మళ్ళీ మామగారి పేరు మీద, మళ్ళీ విజయవాడలో, మళ్ళీ అర్జీ. కన్ను ఆపరేషన్ అయిన మనిషిని ఆ లైన్లో నిలబెట్టడానికి మనసొప్పలేదు. వదిలేశాను.

ఇప్పుడు మా తాత కథ.

తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అప్పుడది నిజాం స్టేట్ రైల్వే. అంతకుముందు ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉన్న రైల్వేని నిజాం ప్రభుత్వం 1930లో కొనుక్కుంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక, మిలిటరీ వాళ్లు వాడి పారేసిన జీపులూ మోటారు సైకిళ్లూ డిస్పోజల్ సేల్‌లో దేశమంతా చవగ్గా దొరికేవి. బెజవాడలో ఒక మెకానిక్కు అలాంటి బి.ఎస్.ఏ. మోటారు సైకిలు ఒకటి బాగుచేసి అమ్ముతున్నాడని తాతకి కబురందింది. ఇది 1946 వేసవి. చేతిలో పనితనం ఉంది, దాచుకున్న డబ్బు ఉంది, పెళ్లయి పిల్లలున్నా ఆ కోరికొకటి పోలేదు. రైలెక్కి బెజవాడ వెళ్లి, బండి కొని, దాని మీదే హైదరాబాదు బయల్దేరాడు.

ఇక్కడ ఆగి కొంచెం భూగోళం చెప్పాలి. ఇప్పుడు మనం ఎన్.హెచ్. 65 మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు లెక్కపెట్టుకుంటూ నాలుగైదు గంటల్లో కొట్టేస్తున్నాం. అప్పుడు ఆ దారి రెండు ప్రభుత్వాల మధ్య దారి. బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లా. పాలేరు దాటి కోదాడ వైపు అడుగుపెడితే నిజాం రాజ్యం. తన నాణెం, తన తపాలా బిళ్ల, తన కస్టమ్స్ ఉన్న రాజ్యం. ఆ కస్టమ్స్ శాఖ పేరే కరోడ్‌గిరి. 1802లో ఈస్టిండియా కంపెనీకీ నిజాముకీ జరిగిన వాణిజ్య ఒప్పందంలో సుంకం నూటికి ఐదు అని రాసుకున్నారు. ఆ నూటికి ఐదు నీడ వందేళ్లు దాటినా ఆ రాజ్యం సరిహద్దుల మీద ఉంటూనే వచ్చింది. హైదరాబాద్ ఖజానాకి కరోడ్‌గిరి పెద్ద ఆదాయం. రైల్లో సామాను తెచ్చినా, ఎడ్లబండి మీద తెచ్చినా, నాకా దగ్గర ఆగాల్సిందే.

తాతని ఆపారు. మా నాన్న చెప్పే తీరులోనే చెప్తాను: "నాకా కాడ ఆపి, రసీదు సూపియ్యమన్నరట. మీ తాత సూపిచ్చిండు. అది ఇంగ్లీషుల ఉండె. ఆడున్నోనికి ఉర్దూ తప్ప రాదు. రెండు గంటలు ఎండల నిలవెట్టిండు. ఇగ పైసలు కడ్తానంటే, ఈయన జేబుల ఉన్నయి కల్దార్లు, వాళ్లు అడిగేటివి హాలీలు."

ఈ కల్దార్, హాలీ గొడవ ఇప్పటివాళ్లకి తెలీకపోవచ్చు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్లు. నిజాం రూపాయి ఉస్మానియా సిక్కా, వాడుకలో హాలీ. 6 కల్దార్లకి 7 హాలీలు, లెక్క అటూ ఇటుగా అంతే. 100 కల్దార్ అంటే దాదాపు 116 రూపాయల 10 అణాల హాలీ. (మన కాలంలో డాలరు రేటు చూసుకున్నట్టు బెజవాడ వెళ్లేవాళ్లు దీన్ని చూసుకునేవాళ్లు.) ఆ లెక్క చేసి, సుంకం కట్టించుకుని, ఉర్దూలో ఒక చీటీ రాసి వదిలారట. తాత కిక్కు కొట్టాడు, కోదాడ దాటాడు.

దాటితే ఏమైంది? మునగాల వచ్చింది.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఊరు మునగాల. ఎందుకంటే అది నిజాం రాజ్యం కాదు. చుట్టూ నలువైపులా నిజాం నల్గొండ జిల్లా, మధ్యలో మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ కృష్ణా జిల్లా. నాయని వెంకట రంగారావు గారి జమీందారీ. హైదరాబాదులో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు. ఆంధ్రప్రదేశ్ వచ్చాక గానీ ఆ పరగణా నల్గొండలో కలవలేదు. అంటే తాత ఆ రోజు పాలేరు దగ్గర ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వంలోకి వచ్చాడు. కొన్ని మైళ్లు పోగానే మళ్ళీ మొదటి ప్రభుత్వంలోకి. ఇంకొన్ని మైళ్లు పోయి, సూర్యాపేట చేరేలోపు మళ్ళీ రెండోదాంట్లోకి. ఒక్క రోడ్డు, మూడుసార్లు సరిహద్దు! "ఒక్క సీటీ జూపిచ్చి గెలిసిండు" అంటారు నాన్న. ఆ చీటీ చాలా ఏళ్లు మా ట్రంకు పెట్టెలో ఉండేదట. ఏదో పండగ సున్నాలప్పుడు పోయింది.

ఇంటికి చేరాక మళ్ళీ రిజిస్ట్రేషను. బెజవాడ నంబరు మద్రాసు ప్రెసిడెన్సీది. ఇక్కడ ఉండేవాడికి ఇక్కడి నంబరు కావాలి. అన్నట్టు, అంతకు ఏడాది ముందు వరకూ సికింద్రాబాదులో చాలా భాగం కూడా బ్రిటిష్ పాలనలోనే ఉండేది. 1945లో ఆ ప్రాంతాలు తిరిగి నిజాం చేతికొచ్చాయి. లేకపోతే మా తాతకి లాలాగూడ చేరబోతూ ఇంకో సరిహద్దు కూడా తగిలేదేమో.

ఆ బండి సుఖంగా తిరిగింది ఏడాదో ఏడాదిన్నరో. 1947 నవంబరులో ఢిల్లీకీ నిజాముకీ యథాతథ ఒప్పందం అయింది, అది నిలవలేదు. 1948లో సంస్థానం చుట్టూ ఆర్థిక దిగ్బంధం. పెట్రోలు లేదు. తాత బి.ఎస్.ఏ.ని గోనెపట్టా కప్పి అరుగు మీద పెట్టాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం నడిచింది. జనరల్ చౌదరి షోలాపూర్ వైపు నుంచి వస్తే, జనరల్ రుద్ర ఆధ్వర్యంలోని దళాలు వచ్చింది బెజవాడ వైపు నుంచి, అంటే తాత వచ్చిన దారినే. వాళ్లని నాకా దగ్గర ఎవరూ రసీదు అడిగి ఉండరు.

ఇక నాకా పోయి ఉంటుంది అనుకుంటాం కదా? నేనూ అలాగే అనుకున్నాను. పోలేదు. రాజ్యాంగంలో 301వ అధికరణం దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలంది. అదే రాజ్యాంగం 306లో, హైదరాబాదు లాంటి పాత సంస్థానాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని తమ సరిహద్దు సుంకాన్ని పదేళ్ల దాకా కొనసాగించుకోవచ్చంది. ఖజానాలో పెద్ద వాటా ఒక్కసారి పోతే జీతాలెక్కడివి మరి? ఆ అధికరణాన్ని 1956లో ఏడో సవరణతో తీసేశారు. ఉస్మానియా సిక్కా కూడా 1950ల చివరిదాకా చేతుల్లో తిరిగింది. రాజ్యం ఐదు రోజుల్లో పోయింది గానీ దాని గల్లాపెట్టె పోవడానికి ఏళ్లు పట్టింది. పాత సిస్టమ్ ఆపేశాం అని మెయిల్ పెట్టాక కూడా ఎక్కడో ఒక సర్వర్లో దాని బ్యాచ్ జాబ్ రాత్రి రెండింటికి నడుస్తూ ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు పాలేరు మీద గీత అలాగే ఉంది, ఇటు హైదరాబాదు రాష్ట్రం, అటు ఆంధ్ర. 1956 నవంబరు 1న చెరిగింది. బస్సుల నంబర్లలో మాత్రం పాత రాజ్యం మిగిలింది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సు సర్వీసు మొదలుపెట్టారు. స్కాట్లాండ్ ఆల్బియన్ బళ్లు. వాటి మీద హెచ్.వై.జెడ్. నంబర్లుండేవి. ఆ జెడ్ నిజాం తల్లి జహ్రా బేగం పేరులో అక్షరమని చెప్పుకుంటారు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆర్టీసీ బస్సు నంబరులో జెడ్ అలాగే వస్తోంది. ఏ.పి. 11 జెడ్ ఎక్కి కాలేజీకి వెళ్లిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అమ్మ పేరు మాత్రం ఏ పునర్వ్యవస్థీకరణ చట్టమూ తీసెయ్యలేకపోయింది.

సరే, నాకాలు పోయినా పన్ను ఎలా మిగిలింది? రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మోటారు వాహనాల చట్టం చేసే అధికారం ఉమ్మడి జాబితాలో ఉంది, 35వ పద్దు. వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో ఉంది, 57వ పద్దు. అంటే బండి ఎలా ఉండాలో ఢిల్లీ చెప్పొచ్చు. దాని మీద ఎంత వసూలు చెయ్యాలో హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒకచోట చేసిన రిజిస్ట్రేషను దేశమంతా చెల్లుతుంది. చాలా ఉదారం. తర్వాతి 47వ సెక్షన్లో, వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఎడమ చేత్తో ఇచ్చి కుడిచేత్తో తీసుకోవడం అంటే ఇదే.

కోర్టుల్లో దీని మీద పెద్ద యుద్ధాలే జరిగాయి. 1950ల మొదట్లో అజ్మీరు ఒక ప్రత్యేక చిన్న రాష్ట్రం, చుట్టూ రాజస్థాన్. (మునగాల గుర్తొచ్చిందా?) అజ్మీరులో రిజిస్టరైన బస్సొకటి నసీరాబాద్ నుంచి దేవ్‌లీకి వెళ్లేది. రెండు ఊళ్లూ అజ్మీరువే, మధ్యలో రోడ్డు కాస్త రాజస్థాన్‌లోంచి పోతుంది. రాజస్థాన్ పన్ను కట్టమంది. బస్సు వాళ్లు 301వ అధికరణం పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1962లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం బస్సు వాళ్లని ఓడించింది. నువ్వు వాడే రోడ్డుకి బదులుగా వేసే పన్ను స్వేచ్ఛకి అడ్డం కాదు, అది పరిహారపు పన్ను, అంది. యాభై నాలుగేళ్ల తర్వాత, 2016 నవంబరులో, తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఆ పరిహారపు సిద్ధాంతాన్నే పక్కనపెట్టి, వివక్ష చూపనంత వరకూ రాష్ట్రాలు పన్ను వేసుకోవచ్చని తేల్చింది. సిద్ధాంతం మారింది, కట్టేవాడు మారలేదు.

మన దగ్గర ఇంకోటి కూడా ఉండేది. 1996లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం, స్థానిక ప్రాంతాల్లోకి మోటారు వాహనాల ప్రవేశం మీద పన్ను. ప్రవేశం మీద పన్ను! కరోడ్‌గిరికి ఇంతకన్నా మంచి తెలుగు అనువాదం నేను చెయ్యలేను. 2017లో జి.ఎస్.టి.తో ఇలాంటి ప్రవేశ పన్నులు పోయాయి. లైఫ్ ట్యాక్స్ జి.ఎస్.టి.లో కలవలేదు కాబట్టి అది క్షేమంగా ఉంది.

నిజమైన విదేశీ సరిహద్దు కూడా తెలుగునాట ఒకటుండేది. యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, చుట్టూ తూర్పు గోదావరి. ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, పి.వై. 04. పుదుచ్చేరిలో పన్ను తక్కువని అక్కడ అద్దె ఇంటి చిరునామా చూపించి ఖరీదైన కార్లు రిజిస్టరు చేయించి కేరళలోనో ఇంకెక్కడో తిప్పిన వాళ్ల గొడవ 2017 ప్రాంతంలో పేపర్లకెక్కింది. ఫ్రెంచి వాళ్లు పోయినా వాళ్లు గీసిన గీత మాత్రం ఇంకా లాభసాటి గీతే.

అమెరికాలో ఉన్న నా క్లాస్‌మేట్లు ఏటా ఎవరో ఒకరు అడుగుతుంటారు, "తిరిగొచ్చేస్తున్నాం రా, మా కారు తెచ్చుకోవచ్చా?" అని. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశారు, వాడిన కార్లు రావచ్చన్నారు. అదే ఏడు బడ్జెట్లో వాటి మీద సుంకాలన్నీ కలిపి 180 శాతం దాకా తీసుకెళ్లారు. పైగా మూడేళ్ల కన్నా పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపుండాలి, ముంబై రేవులోనే దిగాలి. అమెరికా కారుకి స్టీరింగు ఎడమవైపు కాబట్టి ప్రశ్న అక్కడే ముగుస్తుంది. తలుపు తీసి, తలుపు వెనక గోడ కట్టడం. నిజాముది నూటికి ఐదే కదా అనిపిస్తుంది ఒక్కోసారి.

మళ్ళీ ఇంటికొద్దాం. 2014 జూన్ 2న పాలేరు మీద గీత తిరిగొచ్చింది. అదే చోట. ఇటు రామాపురం క్రాస్ రోడ్డు, అటు గరికపాడు. జూన్ 18న టి.ఎస్. నంబర్లు మొదలయ్యాయి. పాత ఏ.పి. బళ్లన్నీ టి.ఎస్.కి మారాలని మొదట ప్రకటించారు. గోలైంది, కోర్టుకెళ్లారు, చివరికి ఆ పని జరగలేదు. అందుకే మా నాన్న స్కూటరు ఇప్పటికీ ఏ.పి. 10. 2015 ఏప్రిల్ 1 నుంచి అటునుంచి వచ్చే బస్సులకీ లారీలకీ తెలంగాణ పన్ను మొదలైంది, కొన్నాళ్లకి అటువాళ్లూ మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ గీత కావాలని అడిగినవాళ్లలో నేనున్నాను. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌కి ఆఫీసుకి సిక్ లీవు పెట్టి వెళ్లాను. తార్నాక నుంచి నడుచుకుంటూ పోయాం, దారంతా బారికేడ్లు. ఇప్పటికీ దాని గురించి నాకు పశ్చాత్తాపం లేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. నిధులు అంటే ఏమిటనుకున్నాను మరి? ఒక రాష్ట్రం అంటే దానికంటూ ఒక ఖజానా. ఆ ఖజానాకి నా కారు ఒక పద్దు. లైఫ్ ట్యాక్స్ చలానా చేతిలో పట్టుకుని ఇదంతా ఆలోచించాను గానీ, ఆ క్షణంలో పెద్ద ఊరట కలిగిందని చెప్తే అబద్ధం.

మామగారికి ఫోన్ చేసి చెప్పాను, మళ్ళీ కట్టాల్సొచ్చిందని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఏం చేస్తామండీ అల్లుడుగారూ.. గీత గియ్యమన్నది మీరేగా" అన్నారు. ఎగతాళి కాదు. మా పెళ్లయిన కొత్తలో ఈ విషయం మీద మా ఇద్దరికీ భోజనాల దగ్గర బాగా మాటలయ్యేవి. ఆ రోజు మాత్రం అందులో వాదన లేదు. నేను కూడా "అవునండీ" అన్నాను. అంతే.

నా అభ్యంతరం పన్ను మీద కాదు. రోడ్లు ఎవరో ఒకరు వెయ్యాలి, ఇప్పుడు నేను తిరిగేది ఇక్కడి రోడ్ల మీద. అభ్యంతరం దాన్ని కట్టించే పద్ధతి మీద. విజయవాడలో కట్టిన డబ్బులో మిగిలిన వాటా హైదరాబాదుకి రావాలంటే రెండు ఖజానాలు మాట్లాడుకోవచ్చు. బ్యాంకులు రోజూ చేసే పనే. దాని బదులు నేను రెండోసారి ఇక్కడ కట్టి, మొదటిది అక్కడ వెళ్లి అడుక్కోవాలి. రెండు ప్రభుత్వాల మధ్య లెక్క తేల్చే పని పౌరుడి నెత్తిన పెట్టడం ఇది. తాతని నాకా దగ్గర కల్దార్లు హాలీల్లోకి మార్చుకు రమ్మన్నట్టే.

డేటాబేస్ వాడిగా నాకు ఇంకో దురద. బండికి అసలు గుర్తింపు ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు. అవి ఫ్యాక్టరీలో పడతాయి, బండి తుక్కయ్యేదాకా మారవు. అదే ప్రైమరీ కీ. ప్లేటు మీద నంబరు ప్రస్తుతం పన్ను ఎవరికి చేరుతోందో చెప్పే ఒక కాలమ్ మాత్రమే. మనం ఆ కాలమ్‌ని పట్టుకుని పేరు అనుకుంటున్నాం. పైగా దేశమంతా కేంద్రం వాహన్ సాఫ్ట్‌వేరులోకి వెళ్తుంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ చాలాకాలం సొంత వ్యవస్థనే అంటిపెట్టుకుని ఉన్నాయి. ఒకే తల్లి కడుపున పుట్టిన రెండు డేటాబేసులు. నా ఎన్.ఓ.సి. అక్కడ జారీ అయినట్టు కాగితం మీద ఉంది, ఇక్కడ తెర మీద కనిపించలేదు. మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి కనిపించింది. ఎందుకు కనిపించిందో అడగలేదు. పనిచేస్తున్న దాన్ని కెలకకూడదని మా వృత్తి ధర్మం.

మారడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. బెంగళూరులో 2014లో బయటి నంబరు బండి 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలని చట్టం సవరించారు. మా జాతి వాళ్లే, ఊరూరి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, నిలబడి పోట్లాడారు. 2016లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2021లో కేంద్రం బి.హెచ్. సిరీస్ తెచ్చింది, రెండేళ్లకోసారి పన్ను, రాష్ట్రం మారినా నంబరు అదే. ఐతే ప్రభుత్వోద్యోగులకీ, నాలుగు లేక అంతకుమించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్లకీ. మా మామగారి లాంటి రిటైరైన మాస్టారికి కాదు.

నంబరు మారిన రోజు మా గల్లీ మెకానిక్కు పాత ప్లేట్లు విప్పి, "ఇవి ఏం జెయ్యాలె అన్నా, పారెయ్యన్నా?" అన్నాడు. నాన్న తీసుకుని ఆ ట్రంకు పెట్టెలో పడేశారు. ఉర్దూ చీటీ ఉండాల్సిన చోట ఇప్పుడు ఏ.పి. 16 ప్లేట్లు రెండున్నాయి.

2024 మార్చిలో టి.ఎస్. పోయి టి.జి. వచ్చింది. పాతవి అలాగే ఉండొచ్చన్నారు, బతికించారు. ఆ సెప్టెంబరులో వానలకి గరికపాడు దగ్గర పాలేరు పొంగి వంతెన పక్క రోడ్డు కొట్టుకుపోయింది. అటు బళ్లు అటు, ఇటు బళ్లు ఇటు. మా మామగారు మా దగ్గరికి రావాల్సిన ప్రయాణం ఆగిపోయింది.

దసరాకి వచ్చారు, రైల్లో. సికింద్రాబాద్ స్టేషన్లో దింపుకుందామని కారు తీసుకెళ్లాను. పార్కింగులో ఆయన కారు పక్కనుంచే నడిచి ముందుకెళ్లిపోయారు. పిలిచాను. వెనక్కొచ్చి నంబరు చూశారు, తర్వాత వంగి ఎడమవైపు బంపరు మీద గీత వెతికారు. 2016లో తెనాలి పెళ్లిలో అరటిగెలల బండి రాసుకుపోయిన గీత. వేలితో దాన్ని తడిమి, "ఆఁ, మనదే" అని ఎక్కి కూర్చున్నారు.